పది నిమిషాల తడి

నరీన్‌లో చలి సున్నాకి ఇరవై కింద.
బస్సు దిగి మంచు తొక్కుకుంటూ వచ్చి
కుస్తీ హాలు తాళం తీసేది నేనే.
కోచ్ తోక్తోసున్ వచ్చేసరికి
మ్యాట్ తడిసి, ఆరి ఉండాలి.

బకెట్ నీళ్ళు, మూతతో కొలిచిన బ్లీచు.
ఎక్కువైతే పిల్లల కళ్ళు మండుతాయి,
తక్కువైతే నేను కర్రతో ఆడేది ఉత్త నాట్యం.
లోపలి మూల నుంచి గుమ్మం దాకా
వెనక్కి నడుస్తూ తుడుస్తాను,
తుడిచినచోట నా అడుగైనా పడకుండా.
ఆ పైన పది నిమిషాలు ఎవరూ ఎక్కకూడదు.
మందు పని చేసేది తుడిచేటప్పుడు కాదు,
మనం ఊరుకున్నప్పుడు.

చాప కింద నీరు అంటారే,
ఇక్కడది చాప మీదే ఉంటుంది.
చెమటలో కలిసి, ఉడుంపట్టు పట్టిన ప్రతిసారీ
ఒక మెడ నుంచి ఇంకో చెంపకి ఇల్లు మారుతుంది.

పిల్లలకి నేనంటే విసుగు.
"వీధి బూట్లతో మ్యాట్ ఎక్కకు,
మ్యాట్ బూట్లతో దొడ్డికి పోకు.
గోళ్ళేవీ? ఈ తువ్వాలు ఎవరిది?
నిన్నటి బనీనే ఇవాళానా, ఉలుక్మన్?
నీకంటే నీ వాసన ముందొచ్చింది."
వాడు నవ్వుతాడు.
వాడి మోకాలి తొడుగు వారంగా సంచిలో మగ్గుతోంది.
తీసి కిటికీ ఎండలో పడేస్తే
పరువు తీసినట్టు చూస్తాడు.
స్నానం ఇంటికెళ్ళాక కాదురా, ఇక్కడే, ఇప్పుడే.

మీరిమ్ మాత్రం ఎదురు చెప్పదు.
యాభై మూడు కిలోల పిల్ల.
దాని నడుంపట్టు విడిపించుకున్న మగపిల్లాడు
ఈ హాల్లో లేడు.
ఓష్ పోటీలు తొమ్మిది రోజులున్నాయనగా
పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చింది.
బాయిలర్ మండుతోంది, అందరూ చెమట పిండుకుంటున్నారు,
దీనికి చలేమిటి?

మా నాన్న పశువులు కాసేవాడు.
శీతాకాలం కొట్టంలో దూడ చెవి పక్కన
బూడిద రంగు గుండ్రం లేచిందంటే
కట్టుగొయ్య మార్చి కట్టేవాడు.
తిట్టేవాడు కాదు. మేత తగ్గించేవాడు కాదు.
విడిగా, అంతే.

"చెయ్యి చూపించు" అన్నాను.
అంచు ఎర్రగా లేచి, నడుమ తేరిపోయి,
సోమ్ నాణెమంత తామర.
"టేపు చుట్టుకుంటాను ఎజే. తొమ్మిదే రోజులు.
అక్కడి డాక్టరు సరిగ్గా చూడడట."

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలి,
నీ చేతిలో ఏముందో తెలియకుండా మెడ అప్పగించేది
నీకెలా ఉజ్జీ అవుతుంది?
అనాలనుకున్నాను. అనలేదు.
"రేపు నువ్వే చెప్పు" అన్నాను.

రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.
పతకం మీద ఆశ దానికి ఒక్కదానికేనా?
ఐదోనాడు ఏడేళ్ళ సమత్ గాడు
చెవి వెనక గోక్కుంటూ వచ్చాడు.

తోక్తోసున్ అందర్నీ కిటికీ వెలుగులో నిలబెట్టాడు.
ఎవరిదని అడగలేదు.
మెడలు, మోచేతులు, మోకాళ్ళ వెనక,
తేనె రంగు పెచ్చు ఉందా, నీటిపొక్కుల గుత్తి ఉందా అని
ఉత్తరం చదివినట్టు చదివాడు.
తన వంతు రాకముందే
మీరిమ్ చొక్కా చెయ్యి మడిచింది.

ఓష్ బస్సు దాన్ని వదిలేసి వెళ్ళింది.
సమత్‌కి తల గొరిగారు, వాడికదో సంబరం.
క్లినిక్‌లో మీరిమ్‌కి మలాం ఇచ్చి
మచ్చ పోయాక కూడా రాయాలన్నారు.
"పోయాక ఎందుకు ఎజే?"
"పోయినట్టు కనబడటం వేరు."

ఇవాళ రబ్బరు తొడుగులు వేసుకుని
రెండో కర్ర తీసుకుంది.
వెనక్కి నడవడం రాదు దానికి,
ఎప్పుడూ ముందుకు తోసే పిల్ల.
రెండుసార్లు నా కాలు తొక్కింది.

గుమ్మం దగ్గర నిలబడ్డాం.
తడి మ్యాట్‌లో కిటికీ తలకిందులుగా మెరుస్తోంది.
లోపల బల్ల మీద దాని ఫోను మోగింది.
ఉలుక్మన్. ఓష్ నుంచి.
అడ్డంగా నడిస్తే నాలుగడుగులు.
కాలెత్తి, ఆగింది.
"ఎంతయింది ఎజే?"
"ఏడు."
ఫోను మోగుతూనే ఉంది.